పడకగది పైకప్పుకు తేలికపాటి అలంకరణలను ఊడిపోకుండా అమర్చడం ఎలా? సమగ్ర మార్గదర్శి

గోడ మీద మూడేళ్లుగా కదలకుండా ఉన్న కొక్కేన్ని తీసి, కొత్త జిగురు పట్టీతో పైకప్పుకు అంటించండి. అదే బరువు తగిలించినా మూడు రోజుల్లో ఊడిపడవచ్చు. జిగురు మారలేదు, బరువూ మారలేదు. మారింది బరువు లాగే దిశ మాత్రమే. గోడ మీద బరువు కిందికి జారాలని చూస్తుంది. ఆ జారుడును జిగురు పట్టీ మొత్తం ఒకేసారి అడ్డుకుంటుంది. పైకప్పు మీద బరువు జిగురును నేరుగా ఊడలాగుతుంది. లాగుడు పట్టీ మధ్యలో కాకుండా కాస్త పక్కగా పడితే ఒక అంచు ముందు లేస్తుంది. అక్కడి నుంచి భారమంతా ఆ సన్నటి అంచు గీత మీదే పడుతుంది. స్టిక్కరు తీయాలంటే మనం ఏం చేస్తాం? ఒక మూలను గోటితో లేపి మెల్లగా లాగుతాం. పైకప్పు మీద ఆ పనిని అలంకరణ బరువే రాత్రింబవళ్లు చేస్తూ ఉంటుంది.

అందుకే ఈ వ్యాసంలో చెప్పే ప్రతి జాగ్రత్త వెనుకా ఒకే ఉద్దేశం ఉంది: ఏ అంచూ లేవకూడదు. కింద మంచం ఉంటుంది, దాని మీద మనుషులు నిద్రపోతారు. హాల్లో ఊడిపడిన కాగితపు బంతి గురించి అంతగా ఆలోచించనక్కర్లేదు కానీ, పడకగదిలో ఆలోచించాలి.

మొదటి పని: పైకప్పు ఏమిటో తెలుసుకోవడం

స్థిరమైన నిచ్చెన ఎక్కి, వేలి కణుపుతో పైకప్పును తట్టండి. వేలికి నొప్పి తెలిసి, శబ్దం మొద్దుగా వస్తే అది కాంక్రీటు స్లాబు. డొల్లగా మోగితే జిప్సమ్ బోర్డు, పీవీసీ పలకలు లేదా చెక్క ఉన్నట్టు. 60 సెంటీమీటర్ల చదరాలుగా పలకలు, వాటి మధ్య సన్నటి లోహపు పట్టీలు కనిపిస్తే అది గ్రిడ్ సీలింగు.

తర్వాత చూడాల్సింది రంగు. చాలామంది ఈ పని చేయరు, ఎక్కువ అలంకరణలు ఊడేదీ ఇక్కడే. మన టేపు పైకప్పుకు అంటుకుంటుందని అనుకుంటాం. నిజానికి టేపు రంగుకు, రంగు పుట్టీకి, పుట్టీ గచ్చుకు, గచ్చు స్లాబుకు అంటుకొని ఉంటాయి. ఈ పొరల్లో ఏది బలహీనమైతే అదే విడిపోతుంది. మా అమ్మాయి గదిలో మొదటిసారి కాగితపు నక్షత్రాలు అంటించినప్పుడు తెల్లవారేసరికి సగం నేల మీద ఉన్నాయి. ఒకటి తిప్పి చూస్తే జిగురు చెక్కుచెదరలేదు. దానికి పల్చటి తెల్లని పొర ఒకటి అంటుకొని ఉంది. జిగురు తన పని తాను చేసింది, రంగే పైకప్పును వదిలేసింది.

రంగును పరీక్షించడానికి రెండు మార్గాలున్నాయి. నల్లని పొడిగుడ్డతో పైకప్పును గట్టిగా రుద్దండి. గుడ్డకు తెల్లని పొడి అంటితే అది సున్నమో పాత డిస్టెంపరో అయి ఉంటుంది. అలాంటి చోట ఏ జిగురూ నమ్మదగినది కాదు. పొడి అంటకపోతే రెండో పరీక్ష చేయండి. బలమైన టేపు ముక్క ఒకటి పది సెంటీమీటర్ల పొడవున అంటించి, బాగా నొక్కి, పది నిమిషాల తర్వాత లాగండి. దాని వెనుక రంగు పెచ్చులు కనిపిస్తే ఆ పైకప్పుకు జిగురు పనికిరాదు, స్క్రూ కొక్కేల దారి చూసుకోవాలి. ఎవరికీ కనిపించని మూలలో ఈ పరీక్ష చేయడం మంచిది.

కొత్తగా రంగు వేయించిన గదైతే కనీసం వారం రోజులు ఆగండి. తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ రంగు లోపలి వరకు గట్టిపడటానికి ఇంకా సమయం పడుతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని పాత ఇళ్ల పైకప్పులకు గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా పూత ఉంటుంది. కొన్నిటికి పాత సిమెంటు రేకులు ఉంటాయి. వీటిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండే అవకాశం ఉంది. వాటిని గీకవద్దు, రుద్దవద్దు, రంధ్రాలు చేయవద్దు. పైన చెప్పిన పరీక్షలు కూడా వాటి మీద చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. అలాంటి గదిలో అలంకరణల్ని పైకప్పు జోలికి పోకుండా, గోడల మధ్య కట్టిన తీగ మీదే వేలాడదీయండి.

రెండో పని: తూచడం

తేలికగా ఉందనిపించడం వేరు, బరువెంతో తెలియడం వేరు. వంటింటి తూకం యంత్రం మీద ప్రతి వస్తువునూ పెట్టి, గ్రాముల్లో రాసుకోండి. మామూలు 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు. ఆ కాగితంతో చేసిన నక్షత్రం దారంతో కలిపి ఆరేడు గ్రాములు దాటదు. బట్ట విషయంలోనే అంచనా తప్పుతుంది. చదరపు మీటరుకు 120 గ్రాములు తూగే నూలు బట్ట రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు ఉంటే 720 గ్రాములు అవుతుంది. చేతిలో మడత పెట్టి పట్టుకుంటే అంత ఉందని అనిపించదు.

విద్యుద్దీపాల తోరణాల్లో బరువు తీగలో కంటే బ్యాటరీ పెట్టెలో ఉంటుంది. ఒక ఏఏ బ్యాటరీ సుమారు 23 గ్రాములు. మూడు వేస్తే పెట్టెతో కలిపి 80 గ్రాములకు పైనే. ఆ పెట్టెను పైకప్పుకు ఎప్పుడూ కట్టవద్దు. తీగను గోడ వెంట కిందికి దించి పెట్టెను అల్మరా మీదో అరలోనో పెట్టండి. బ్యాటరీలు మార్చడానికి మళ్లీ నిచ్చెన ఎక్కే బాధ కూడా తప్పుతుంది.

నేను పాటించే హద్దు ఇది: మంచం పైన జిగురుతో వేలాడేది ఏదైనా ఒక్కో చోట 100 గ్రాములు మించకూడదు. అంతకు మించితే స్క్రూ కొక్కెం. గాజు, పింగాణీ, లోహపు గంటలు, మొన ఉన్న చెక్క బొమ్మలు ఎంత తేలికైనా తల ఉండే చోటికి పైన ఉండకూడదు.

ఎక్కడ పెట్టకూడదు

ఫ్యాను గురించే ముందు చెప్పాలి. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను రెక్కలు కేంద్రం నుంచి 60 సెంటీమీటర్ల దూరం తిరుగుతాయి. ఆ వృత్తానికి బయట, రెక్క కొస నుంచి కనీసం మరో 60 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఫ్యాను గాలిని కిందికే తోస్తుందని, పైన ఉన్న వాటికి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. కిందికి తోసే గాలిని అది పైనుంచే లాక్కుంటుంది. రెక్కలకు పైన, పైకప్పుకు దగ్గరగా ఉన్న పల్చటి కాగితం ఆ లాగుడుకు అటే వంగుతుంది. పొడవాటి దారం వదులైతే రెక్కలకు చుట్టుకుంటుంది. దారం పొడవును ఇలా సరిచూసుకోవచ్చు: దారాన్ని సాగదీసి ఫ్యాను వైపు తిప్పితే దాని కొస రెక్కలకు అందకూడదు.

పొగ హెచ్చరిక పరికరం చుట్టూ అర మీటరు వరకు ఏమీ ఉండకూడదు. అగ్నిమాపక నీటి చిమ్మెన (స్ప్రింక్లర్) ఉంటే దానికి దారం కూడా కట్టకండి, దాని చుట్టూ ఖాళీ వదలండి. వేడెక్కే బల్బులకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటికి, ఎక్కడైనా తేమ మరక కనిపిస్తే ఆ చోటికి కూడా దూరంగా ఉండండి. తేమ ఉన్న చోట పుట్టీ ఉబ్బి ఉంటుంది, అది తన బరువునే మోయలేదు.

ఏ పైకప్పుకు ఏ పద్ధతి

చెక్క పైకప్పు అన్నిటికన్నా సులువు. సన్నటి రంధ్రం చేసి, తల చోట రింగు ఉండే చిన్న కంటి స్క్రూను చేత్తో తిప్పితే సరిపోతుంది.

గ్రిడ్ సీలింగులో బరువంతా లోహపు పట్టీల మీదే పడాలి, పలకల మీద కాదు. ఆ పట్టీలను పట్టుకునే చిన్న క్లిప్పులు దొరుకుతాయి. పట్టీ ఉక్కుదైతే అయస్కాంతపు కొక్కెం కూడా నిలుస్తుంది.

థర్మోకోల్ పలకలున్న చోట ద్రావకం కలిసిన జిగురును, సూపర్ గ్లూను వాడవద్దు. అవి థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. కాగితం లాంటి వాటికి గుండుసూదులు చాలు. సూదిని నిటారుగా కాకుండా ఏటవాలుగా గుచ్చితే జారిపోదు.

జిప్సమ్ బోర్డు విషయంలో కొంచెం ఓపిక కావాలి. బోర్డు వెనుక లోహపు చానళ్లు ఉంటాయి. బోర్డును వాటికి స్క్రూలతో బిగిస్తారు, ఆ స్క్రూ తలలు పుట్టీ కింద దాగి ఉంటాయి. చిన్న బలమైన అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి పైకప్పు మీద మెల్లగా జరుపుతూ పోతే స్క్రూ తల వచ్చిన చోట అది పట్టుకుంటుంది. అలాంటివి మూడు నాలుగు ఒకే వరుసలో దొరికాయంటే చానల్ దారి తెలిసినట్టే. కొక్కెం స్క్రూను ఆ వరుసలో, రెండు పాత స్క్రూల మధ్య బిగిస్తే బరువు లోహం మీద పడుతుంది. చానల్ లేని చోటే కావాలంటే, స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వద్దు. బోర్డు వెనుక రెక్కలు విచ్చుకొని నిలిచే స్ప్రింగు బోల్టు వాడండి. పైకప్పు మీద మామూలు ప్లగ్గును బరువు నేరుగా కిందికి లాగుతుంది, జిప్సమ్ మెత్తనిది కాబట్టి రంధ్రం పెద్దదై అది జారిపోతుంది.

రంగు గట్టిగా ఉన్న కాంక్రీటు స్లాబుకు, నునుపైన పీవీసీ పలకలకు, తేలిక వస్తువులైతే జిగురు చాలు. అద్దె ఇంట్లో ఉండేవారికి సాధారణంగా ఇదే దారి. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

జిగురుతో అమర్చే క్రమం

1. కొక్కేన్ని చూసి ఎంచుకోండి. గోడల కోసం చేసిన కొక్కేనికి వంపు కింది భాగంలో ఉంటుంది. దాన్ని పైకప్పుకు అంటిస్తే లాగుడు ఒక పక్కకు పడి, ఎదుటి అంచు లేస్తుంది. పైకప్పుకు కావాల్సింది గుండ్రటి పీఠం, దాని నడి మధ్యలో రింగు. పెట్టె మీద రాసి ఉండే బరువు సాధారణంగా గోడకు వర్తించేది. అందులో నాలుగో వంతుకు మించి పైకప్పు మీద ఆశించకండి.

2. అంటించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. కనిపించకపోయినా పైకప్పు మీద దుమ్ము, ఫ్యాను గాలికి చేరిన జిడ్డు ఉంటాయి. సబ్బు నీరు, ఇల్లు తుడిచే ద్రవాలు వద్దు. అవి వదిలే పల్చటి పొర వల్ల జిగురు పట్టదు. తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి.

3. గది మరీ చల్లగా గానీ మరీ వేడిగా గానీ లేని సమయం చూసుకోండి. 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో జిగురు పరుచుకోదు. మిద్దె కింది గది అయితే ఎండకు స్లాబు కాగి ఉంటుంది కాబట్టి, ఉదయం పూట అంటించడం మేలు.

4. టేపు మీది కాగితం తీశాక జిగురు ముఖాన్ని వేలితో తాకవద్దు. ముందు పీఠానికి అంటించి నొక్కండి. తర్వాత పైకప్పుకు ఒక అంచు ఆనించి, గాలి బుడగ చిక్కకుండా రెండో అంచు వైపు పరుస్తూ అంటించండి. బొటనవేలితో పూర్తి 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టండి. ఈ రకం జిగురుకు ఒత్తిడే ప్రాణం. ఒత్తిడి పడితేనే అది రంగు మీది సన్నటి గుంటల్లోకి దిగుతుంది.

5. వెంటనే ఏమీ తగిలించకండి. అక్రిలిక్ ఫోమ్ టేపు (రెండు వైపులా జిగురున్న మెత్తటి టేపు) 20 నిమిషాల్లో సగం పట్టు సాధిస్తుంది. ఒక రోజుకు సుమారు 90 శాతం, 72 గంటలకు పూర్తి పట్టు వస్తుంది. సాగదీసి ఊడదీసే రకం పట్టీలకు కనీసం ఒక గంట అని పెట్టె మీద రాస్తారు. నేను పైకప్పుకైతే ఏ టేపుకైనా ఒక రోజు ఆగుతాను, మంచం పైన మూడు రోజులు ఆగుతాను.

6. మీ వస్తువు కంటే నాలుగు రెట్ల బరువుతో పరీక్షించండి. 50 గ్రాముల కాగితపు బుట్ట కట్టాలంటే, చిన్న సంచిలో 200 గ్రాముల ఇసుక పోసి ఒక రోజంతా వేలాడదీయండి. మంచాన్ని పక్కకు జరిపి, కింద దిండు వేయండి. మరుసటి రోజు నిచ్చెన ఎక్కి పీఠం అంచుల్ని దగ్గరగా చూడండి. వెంట్రుక వాసి సందు కనిపించినా అది ఊడటం మొదలైనట్టే. మళ్లీ నొక్కితే సరిపోతుందని అనుకోవద్దు. లేచిన అంచు కింద దుమ్ము చేరుతుంది, ఇక పట్టదు. తీసేసి కొత్త టేపుతో మొదటి నుంచి చేయండి.

నడి మధ్యలో రింగు ఉన్న పీఠం దొరక్కపోతే మీరే చేసుకోవచ్చు. పాత ఫైలు అట్ట లాంటి గట్టి ప్లాస్టిక్ రేకు నుంచి ఐదు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల కత్తిరించండి. కాగితపు అట్ట వద్దు, దాని పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. బిళ్ల మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో రెండు సన్నటి రంధ్రాలు చేసి, చొక్కా గుండీకి కుట్టినట్టు నైలాన్ దారం దూర్చండి. ముడి కింది వైపు ఉండాలి. పైవైపు దారం బల్లపరుపుగా పడుకుని ఉండాలి. పైవైపు మొత్తం ఫోమ్ టేపు పరిచి అంటించండి. దారం మందాన్ని మెత్తటి ఫోమ్ తనలో ఇముడ్చుకుంటుంది. లాగుడు సరిగ్గా మధ్యలో పడుతుంది, ఏ అంచుకూ పని ఉండదు. అంగట్లో కొన్న చాలా కొక్కేల కంటే ఈ బిళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ.

నైలాన్ దారానికి మామూలు ముడి జారిపోతుంది. రెండు మూడు చుట్లు వేసి, బిగించే ముందు కాస్త తడి చేసి, నిదానంగా లాగండి. గాలికి తిరిగే వేలాడు బొమ్మలకు దారం మధ్యలో చేపల గాలానికి వాడే చిన్న తిరుగుడు కడియం పెడితే దారం పురి పడదు. పురి పడిన దారం కూడా కొక్కేన్ని ఒక పక్కకు గుంజుతూ ఉంటుంది.

వేడి జిగురు తుపాకీని పైకప్పుకు వాడవద్దని నా గట్టి సలహా. అంటించిన గంటలో అద్భుతంగా ఉంటుంది. వేసవిలో గది పైభాగం వేడెక్కితే ఆ జిగురు మెత్తబడుతుంది. తీసేటప్పుడు రంగుతో పాటు పుట్టీ కూడా ఊడి వస్తుంది.

చీకట్లో మెరిసే నక్షత్రాలు

ఇవి ఒకటి రెండు గ్రాములే కాబట్టి, బల్లపరుపుగా అంటుకుంటాయి కాబట్టి, ఊడే భయం తక్కువ. ఒక్కోదానికి, పోస్టర్లు అంటించడానికి వాడే మెత్తటి అంటు ముద్ద బఠానీ గింజంత చాలు. దాన్ని బాగా పిసికి, మెత్తబడ్డాక పల్చగా నొక్కండి. మందంగా ఉంటే ఒక పక్క జారుతుంది. అంటు ముద్ద కొన్ని రంగుల మీద నూనె మరక వదులుతుంది. ముందు మూలలో వారం రోజులు పెట్టి చూడండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఈ నక్షత్రాలు పగలో దీపం వెలుగులోనో పీల్చుకున్న కాంతినే చీకట్లో వదులుతాయి. దీపానికి పైభాగం మూసి ఉన్న తొడుగు ఉంటే వెలుగంతా కిందికే పడుతుంది, పైకప్పు మీది నక్షత్రాలకు అందదు. అలాంటప్పుడు ఎన్ని అంటించినా మసకగానే ఉంటాయి. పడుకునే ముందు కాసేపు టార్చి వెలుగు చూపితే తేడా తెలుస్తుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్‌తో చేసినవి గంటల తరబడి మెరుస్తాయి, జింక్ సల్ఫైడ్‌తో చేసినవి త్వరగా ఆరిపోతాయి.

నక్షత్రమండలాలను అసలు ఆకారంలో అమర్చాలంటే నేల మీద వార్తాపత్రికలు అతికించి, చుక్కలు గీసి, ఆ చోట్ల రంధ్రాలు చేయండి. ఆ కాగితాన్ని మాస్కింగ్ టేపుతో పైకప్పుకు తాత్కాలికంగా అంటించి, రంధ్రాల్లోంచి పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టుకోండి. నేల మీద గీసిన బొమ్మను పైకి ఎత్తి పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. పైకి చూస్తూ గీసిన ఆకాశ పటాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకోవాలి.

గోడ నుంచి గోడకు తీగ

పైకప్పును తాకకుండా దాని కింద తీగ కట్టి, దానికి అలంకరణలు వేలాడదీయడం అందమైన పద్ధతి. కానీ తీగను వీణ తంతిలా బిగించాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడే కొక్కేలు ఊడతాయి.

లెక్క చూడండి. నాలుగు మీటర్ల తీగ మధ్యలో 200 గ్రాముల బరువు వేలాడుతోందనుకుందాం. తీగ మధ్యలో 40 సెంటీమీటర్లు వంగితే ఒక్కో కొసపై అర కిలో లాగుడు పడుతుంది. పది సెంటీమీటర్లే వంగేలా బిగిస్తే అది రెండు కిలోలు అవుతుంది. రెండు సెంటీమీటర్లే వంగేలా బిగిస్తే పది కిలోలు! అలంకరణ బరువు మాత్రం అదే 200 గ్రాములు. కాబట్టి తీగను వంగనివ్వండి. ఆ వంపు కంటికి కూడా హాయిగా ఉంటుంది. బరువును ఒకే చోట కాకుండా తీగ పొడవునా పంచితే లాగుడు సగానికి తగ్గుతుంది.

గోడ మీద కొక్కెం కదా, జారుడే కదా అని ధీమా పడవద్దు. ఎదురు గోడ వైపు లాగే తీగ, గోడ మీది కొక్కేన్ని కూడా నేరుగా ఊడలాగుతుంది. అందుకే తీగ కొసలను స్క్రూలతో బిగించి ఉన్న వాటికే కట్టండి: పరదా కడ్డీ బ్రాకెట్లు, కిటికీ ఊచలు, గోడకు బిగించిన అల్మరా పైభాగం. అలాంటివి లేకపోతే గోడకు స్క్రూ కొక్కెం వేయించండి.

బట్టను పందిరిలా పరిచేటప్పుడూ ఇదే సూత్రం. పైకప్పు మధ్యలో ఒక్క కొక్కేనికి బట్టంతా వేలాడదీయడం కంటే, రెండు మూడు తీగలు సమాంతరంగా కట్టి, వాటి మీదుగా బట్టను అలల్లా జార్చండి. సన్నటి నెట్ బట్ట అయితే బరువు చాలా తగ్గుతుంది. దీపాల తోరణాన్ని బట్టకు తగిలేలా కట్టదలచుకుంటే వేడెక్కని చిన్న ఎల్‌ఈడీలే వాడండి. నిద్రపోయే ముందు వాటిని ఆపేయండి.

స్లాబుకు రంధ్రం చేయాల్సి వస్తే

100 గ్రాములు దాటినవాటికి, రంగు పొడిగా రాలే పైకప్పులకు ఇదే సరైన దారి. ఇందులో అసలు ప్రమాదం స్లాబులో కనిపించకుండా పోయే విద్యుత్ గొట్టాలు. అవి సాధారణంగా ఫ్యాను పెట్టె నుంచి, దీపం పాయింటు నుంచి స్విచ్ బోర్డు ఉన్న గోడ వైపు పోతాయి, కానీ ఎప్పుడూ తిన్నగా పోతాయన్న హామీ లేదు. ఫ్యానుకు, దీపాలకు, స్విచ్ బోర్డుకు మధ్య ఉన్న ప్రాంతమంతా వదిలేయండి. తీగల్ని పసిగట్టే పరికరం ఉంటే వాడండి. పని మొదలుపెట్టే ముందు ఆ గదికి కరెంటు మెయిన్ దగ్గరే ఆపి, డ్రిల్లుకు వేరే గది నుంచి కరెంటు తీసుకోండి. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

6 మిల్లీమీటర్ల కాంక్రీటు బిట్టుకు 35 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టండి. అదే లోతుకు గుర్తు. బిట్టును కాగితపు కప్పు అడుగులోంచి దూర్చితే దుమ్ము కప్పులో పడుతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఇనుప చువ్వ తగిలి బిట్టు ఆగిపోతే బలవంతం చేయకుండా రెండు మూడు సెంటీమీటర్లు జరగండి. రంధ్రంలోని దుమ్మును ఊది తీయకపోతే ప్లగ్గు పట్టదు. కంట్లో పడకుండా రబ్బరు గొట్టంతో పక్క నుంచి ఊదండి. ప్లగ్గు వేలితో దూరిపోయేంత వదులుగా ఉండకూడదు, సుత్తితో మెల్లగా తడితే వెళ్లాలి. గచ్చు మందంగా ఉంటే ప్లగ్గు అందులోనే ఉండిపోతుంది. అది కాంక్రీటులోకి దిగేలా ఇంకాస్త లోతు చేయండి.

నిచ్చెన విషయంలో రాజీ వద్దు. మంచం మీద కుర్చీ, కుర్చీ మీద స్టూలు పెట్టి చేసే పని ఇది కాదు. మంచం జరిపి, గట్టి నేల మీద నిచ్చెన వేయండి. ఫ్యాను ఆపి, ఆ స్విచ్‌కు టేపు అంటించండి. ఎవరో తెలియక వేస్తే చేతులు పైనే ఉంటాయి.

పసిపిల్లల గది

ఉయ్యాల లేదా పిల్లల మంచం పైన జిగురుతో ఏదీ వేలాడదీయకండి, స్క్రూ కొక్కెం మాత్రమే వాడండి. బిడ్డ చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే, లేదా ఐదు నెలలు నిండగానే, ఏది ముందైతే అప్పుడు, అందేంత దూరంలో వేలాడే బొమ్మల్ని తీసేయాలి. పొడవాటి దారం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్న అలంకరణలు ఆ గదిలో అసలే వద్దు. అవి ఊడిపడి బిడ్డ నోట్లోకి వెళ్తే లోపల పేగులకు, గొంతుకు గాయాలు చేస్తాయి.

తర్వాత చూసుకోవడం, తీసేయడం

నెలకోసారి, అలాగే ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానాకాలం మొదట్లో ఒకసారి అన్ని కొక్కేల అంచులు చూడండి. జిగురు ఒక్కసారిగా ఊడదు. నిరంతర భారం కింద నెమ్మదిగా సాగుతుంది, వేడికి ఇంకా త్వరగా సాగుతుంది. పీఠానికీ పైకప్పుకూ మధ్య టేపు మొదటి రోజు కంటే మందంగా కనిపిస్తే అది సాగుతున్నట్టే.

తీసేటప్పుడు ముందు అలంకరణను విప్పి కిందికి దించండి. సాగే పట్టీ అయితే దాని చివరి తోకను పట్టుకొని పైకప్పుకు సమాంతరంగా, నెమ్మదిగా, అరచేయి పొడవు దాటినా ఆపకుండా లాగాలి. కిందికి లాగితే రంగు పెచ్చు వస్తుంది. ఫోమ్ టేపుకు హెయిర్ డ్రయర్‌తో అర నిమిషం వేడి గాలి చూపి, పళ్లు శుభ్రం చేసుకునే దారాన్ని దాని వెనుక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. ఫోమ్ రెండుగా కోసుకుపోతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. స్క్రూ రంధ్రాల్లో ప్లగ్గును కాస్త లోపలికి తోసి, పైన పుట్టీ నింపి, ఆరాక సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, అదే రంగు ఒక చుక్క అద్దండి.